గూడబాతుకు క్వార్టర్సు, గైడుకు?

పర్యాటకానికి మన రాష్ట్రం పరిశ్రమ హోదా ఇచ్చింది. 2024–29 విధానమూ వచ్చింది. బాగుంది. పరిశ్రమ అన్నాక పనివాళ్లుండాలి కదా! కొల్లేట్లో వాళ్లెవరని వెతికితే ముందు లెక్కకొచ్చేది గూడబాతులే.

ఏటా చలి ముదరకముందే ఆటపాకలో డ్యూటీకి దిగుతాయి. నోటిఫికేషన్ అడగవు, టీఏ బిల్లు పెట్టవు. గూళ్లకు చెట్లు చాలవని అటవీ శాఖ ఇనప స్టాండ్లు కూడా వేయించింది. అంటే, క్వార్టర్సు సిద్ధం.

ఇక మనుషుల సంగతి. ఎగిరే తీరు చూసి ఏ పిట్టో చెప్పేసే కుర్రాళ్లు కొల్లేటి లంకల్లో ఉన్నారు. వాళ్లకు కొలువూ ఉంది: చేపల చెరువు గట్టున టపాకాయలు కాల్చి అవే పిట్టల్ని తోలడం! ఏడాది పొడుగునా కూలి గిట్టే పని అది. పిట్టల్ని చూపించే పనికి సీజన్ నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలూ కొల్లేటికోట పెద్దింట్లమ్మే దిక్కు.

పట్టాలిచ్చే చోట్లకేం కొదవ లేదు: తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. గెడ వేస్తూ సరస్సు గుట్టంతా విప్పే పడవ మనిషిని మాత్రం ‘సర్టిఫికెట్ ఏదీ?’ అంటాం. ఏలూరులో హోటల్ పెడదామంటే, కొరమేను పులుసులో చెయ్యి తిరిగినవాడు హైదరాబాద్‌లో ‘గోదావరి రుచులు’ బోర్డు వెనక గరిటె తిప్పుతున్నాడు.

ముందు గైడుకు పన్నెండు నెలల జీతం రాయండి సార్, రిసార్టు శంకుస్థాపన తర్వాత చేద్దురుగాని. కొబ్బరికాయ కొట్టడానికి మనకెన్నడూ సిబ్బంది కొరత లేదు!