కారే కారవాన్

మళ్లీ కారింది. దిండు మీదే కారింది. పద్దెనిమిది అడుగుల బండిలో చుక్క పడటానికి ఇంకెక్కడా జాగా దొరకనట్టు, పదకొండు రోజులుగా తల పెట్టుకునే చోటు చూసుకుని మరీ పడుతోంది. విసిగిపోయి దిండును కాళ్ల వైపు వేశాను. మర్నాటి వానకి చుక్క కూడా అటే జరిగింది. దెయ్యాలున్నాయో లేదో గానీ, నీళ్లకి చదువొచ్చని మాత్రం నాకు నమ్మకం కుదిరింది.

బండి ఏ కంపెనీదో చెప్పను. పాపం, తప్పు వాళ్లది కాదు. వాళ్లు చిల్లుల్లేని టాపే ఇచ్చారు. చిల్లులు నేను పెట్టాను. మొత్తం ఎనిమిది. వంద వాట్ల సోలార్ ప్యానెల్ బిగించడానికి, నా సొంత డ్రిల్లింగ్ మిషన్‌తో, మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి పెట్టాను.

రిటైరైన ఏడాది కొన్నానీ పదమూడు సీట్ల టూరిస్టు వ్యాను, సెకండ్ హ్యాండులో. ముందున్న రెండూ ఉంచి మిగతా సీట్లన్నీ విప్పేశాను. పన్నెండు ఎంఎం ప్లైవుడ్‌తో మంచం, గ్యాస్ పొయ్యికి ఒక అర, ఇరవై లీటర్ల నీళ్ల క్యానుకి పన్నెండు వోల్టుల బుల్లి మోటారు, మా ఆవిడ పాత వెంకటగిరి చీరతో కర్టెన్లు. విప్పిన సీట్లు పారేయలేదు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న బండి ఒకటి, రోడ్డు మీద ఉన్న బండి ఇంకొకటి కాకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని ఎవరైనా అడిగితే రాత్రికి రాత్రే బిగించేయడానికి వీలుగా పదకొండు సీట్లనీ మా హాల్లో వరసగా పెట్టుకున్నాం. చుట్టాలొస్తే వాటి మీదే కూర్చోబెడతాం. మా బావగారు ఒకసారి చేతిలో కాఫీ ఉండగా పక్కనున్న లివర్ నొక్కారు. అప్పట్నుంచి ఆయన ఫోన్లోనే పలకరిస్తున్నారు.

ఇంత చేస్తే బండి పోయిన దూరం ఎంతయ్యా అంటే, ఓవైసీ, మిధాని జంక్షన్ల మధ్య 2021 డిసెంబరులో తెరిచి కలాంగారి పేరు పెట్టిన ఫ్లైఓవర్ ఉంది చూశారూ, దాని పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి. శ్రీశైలం ట్రిప్పు ఇప్పటికి ఏడుసార్లు వాయిదా పడింది.

అసలు ఈ బండిని ఏమని పిలవాలన్నదే పెద్ద తలనొప్పి. మోటార్ హోమ్ అంటే మావాళ్లు హోమ్ లోన్ అనుకుంటున్నారు. సినిమావాళ్ల పుణ్యమా అని కారవాన్ అంటే మాత్రం అందరికీ తెలుసు. తెలియడమంటే, దాన్లో హీరో ఉంటాడని తెలుసు. వీధిలో పిల్లలు నలుగురు గుమిగూడి "అంకుల్, లోపల ఎవరున్నరు?" అని గుసగుసగా అడిగారు. అప్పుడు లోపలున్నది నేనే. లుంగీ ఎగ్గట్టి, మోచేతుల దాకా ఎం-సీల్ పూసుకుని తలుపు తీశాను. నన్ను పైనుంచి కిందికి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అంత మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు.

ఆ పేరుతో వచ్చిన అసలు నష్టం వేరే ఉంది. రెండో బ్యాటరీకి వైరింగ్ చెయ్యడానికి ఒక కుర్రాణ్ణి మాట్లాడుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేశాను.

"భాయ్, కారవాన్ దగ్గర ఎదురుచూస్తున్నా. ఎప్పుడొస్తవ్?"

"కార్వాన్ల ఉన్నరా సాబ్? ఇల్లు మారిన్రా?"

"మారలేదయ్యా. కారవాన్ ఇంటి ముందరనే ఉంది."

"నక్కో సాబ్. కార్వాన్ పురానాపూల్ అవతల ఉంటది."

"నాది నా ఇంటి ముందర ఉంది."

కాసేపు నిశ్శబ్దం. రిటైరైన సాబులు ఒక్కొక్కరూ ఇట్లాగే అవుతారని అతనికి ముందే ఎవరో చెప్పినట్టున్నారు. "పరేషాన్ నక్కో సాబ్, ఆతూఁ" అని పెట్టేశాడు. గంటన్నర తరవాత ఫోను. "సబ్జీమండి కాడ ఉన్న సాబ్. మీ బండి కనిపిస్తలే."

మా కంచన్‌బాగ్ ఊరికి ఈ మూల, కార్వాన్ ఆ మూల. నడుమ పాతబస్తీ, మూసీ, ఆ రోజు ఏదో ఊరేగింపు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సగం రోజు కూలీ ఇచ్చి, చాయ్ ఇప్పించి, తప్పు నీది కాదని చెప్పాను. చెప్పాక ఆలోచిస్తే నిజంగానే అతనిది కాదు. నాదీ కాదు. తప్పు కుతుబ్‌షాహీలది.

గోల్కొండలో వజ్రాల బేరం నడిచిన రోజుల్లో దేశదేశాల సార్థవాహులు వచ్చి దిగిన చోటు కార్వాన్. ఆ పేరు అక్కడ అట్లా నిలిచిపోయింది. కోట వైపు నుంచి మూసీ ఇవతలికి రావడానికి ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పురానాపూల్ కట్టించాడు. చార్మినార్ కన్నా పదమూడేళ్లు పెద్దది. అంటే ఈ ఊరు ఊరు కాకముందే ఇక్కడ కారవాన్ ఆగింది. నేనేదో కొత్తగా కనిపెట్టినట్టు ప్లైవుడ్ కోసుకుంటున్నాను!

ఇంకా చెప్పాలంటే మన దగ్గర ఇల్లు వెంటేసుకుని తిరిగినవాళ్లు బంజారాలు. వందల ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోస్తూ, పిల్లాజెల్లా కుండాచట్టీతో సహా, సైన్యాల వెంట దక్కను అంతా తిరిగారు. ఆ ఎద్దుకి సోలార్ ప్యానెల్ లేదు. దాని వీపుకి ఎవరూ ఎనిమిది చిల్లులు పెట్టలేదు. వానొస్తే తడిసేది, ఎండొస్తే ఆరేది, ఎంత మంచి ఇంజనీరింగు! ఒకచోట నిలవకుండా తిరిగిన ఆ మనుషుల పేరే పెట్టుకున్న కొండ మీద ఇవాళ గజం ధర అడగాలంటే ముందు బీపీ మాత్ర వేసుకోవాలి. ఇదంతా ఆ కుర్రాడికి చెప్పబోయాను. "వైర్ రెడ్ పెట్టాల్నా, బ్లాక్ పెట్టాల్నా సాబ్?" అన్నాడు.

సరే, కారడం సంగతి.

ఇంకో పేటలో అయితే బండి కారితే ఇరుగుపొరుగువాళ్లు "టార్పాలిన్ కప్పండి" అనేసి పోతారు. కంచన్‌బాగ్ అట్లాంటి పేట కాదు. ఇక్కడ ఎటు చూసినా పొడుగాటి గోడలు, గోడల మీద ముళ్లతీగలు, ఫొటోలు తీయరాదనే బోర్డులు. ఒక గోడ వెనక డీఆర్‌డీఎల్, ఒక గోడ వెనక 1970లో మొదలైన బీడీఎల్, ఇంకో గోడ వెనక 1973లో పెట్టిన మిధాని. పృథ్వి, అగ్ని, ఆకాశ్, నాగ్ క్షిపణులన్నీ ఈ గోడల మధ్య పుట్టినవో పెరిగినవో. ఆ గోడల లోపల ముప్పై నలభై ఏళ్లు గడిపినవాళ్లంతా ఇప్పుడు రిటైరై, సాయంత్రం వాకింగ్ షూసు వేసుకుని, పని లేక తిరుగుతున్నారు. మా కాలనీలో మనుషులకి ఇంటిపేర్లుండవు, డివిజన్లుంటాయి. ప్రొపల్షన్ ఆయన, టెలిమెట్రీ ఆయన, మెటలర్జీ ఆయన.

ముగ్గురూ కలిసి నా బండి దగ్గర ఫెయిల్యూర్ అనాలిసిస్ కమిటీ వేసేశారు. నన్నెవరూ అడగలేదు. మొదటి మీటింగులోనే మినిట్స్ రాశారు.

మెటలర్జీ ఆయన నేను పూసిన సిలికాన్‌ని గోటితో గీకి వాసన చూశారు. "పూసినప్పుడు వెనిగర్ వాసనొచ్చిందా?" వచ్చిందన్నాను. "అది ఆసిడ్. చిల్లు మూయలేదు మీరు, తుప్పుకి బోణీ చేశారు." పైగా పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదట. నేను దాని మీద నాలుగు పూతలు పూశాను. తరవాత ఎండ లెక్క తీశారు. నాలుగు మీటర్ల ఉక్కు రేకు నలభై డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. ప్యానెల్ ఫ్రేము అల్యూమినియం కాబట్టి అంతే పొడవుకి ఇంచుమించు రెట్టింపు సాగుతుంది. "ఇద్దర్నీ ఒకే బోల్టుకి కట్టేశారు మీరు" అన్నారు, ఏదో నేను కుదిర్చిన సంబంధం చెడిపోయినట్టు.

టెలిమెట్రీ ఆయన లోపలి సీలింగ్ నిండా టాల్కం పౌడర్ చల్లారు, నీళ్ల జాడ తెలుస్తుందని. బయటినుంచి ముప్పావు గంట పైపుతో నీళ్లు కొట్టాం. ఒక్క చుక్క రాలేదు. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. ఆ రాత్రి వానొచ్చింది. కారింది. పౌడరంతా ముద్దయి దిండు మీద పడింది. ఇప్పుడు నా దిండు చంటిపిల్లాడి వాసనొస్తుంది.

"నిరాశపడకండి. అగ్ని మొదటి ప్రయోగం కూడా 1989లో రెండుసార్లు ఆగింది. మూడోసారి, మే 22న లేచింది" అని టెలిమెట్రీ ఆయన ఓదార్చారు. అగ్ని శ్రీశైలం పోవక్కర్లేదు కదా అన్నాను. అది మినిట్స్‌లో రాయలేదు.

ప్రొపల్షన్ ఆయనది కృష్ణా జిల్లా. ఆయనకి ఏ సమస్యకైనా అన్నగారే సమాధానం. "పాత షెవర్లే వ్యానండీ! దాన్ని చైతన్య రథం చేసుకుని 1982లో రాష్ట్రమంతా తిరిగారు. నిద్ర అందులోనే. ఉపన్యాసం టాపు మీద నిలబడి. ఆ టాపు మీద ఎన్టీఆర్ నిలబడ్డారు, మీ టాపు మీద పిల్లి నిలబడితే కారుతోంది. 1983 జనవరికల్లా ఆయన ముఖ్యమంత్రయ్యారు. మీరు చంపాపేట దాటలేదు."

"ఆయన టాపుకి సోలార్ ప్యానెల్ లేదండీ" అన్నాను నీరసంగా. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తొలిచింది. ఆ రథం నడిపింది హరికృష్ణ అని అందరికీ తెలుసు. తెల్లారి మళ్లీ బయల్దేరాలి గనక, ఏ ఊరి చెట్టుకిందో లాంతరు పెట్టుకుని, కింద దూరి గ్రీజు కొట్టినవాడు, పంక్చరు వేసినవాడు, టాపు కారితే తారు పూసినవాడు కూడా ఉండే ఉంటాడు కదా. వాడి పేరు?

నాకా ప్రశ్న ఊరికే రాలేదు. నిన్న సాయంత్రం నేను టాపు మీద బోర్లా పడుకుని, మూడో నంబరు చిల్లు దగ్గర పాత సీలెంటు గీకుతున్నాను. మా ఆవిడ కింద స్టూలు మీద నిలబడి టార్చి పట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"అక్కడ గూడ ఇట్లనే చేసిన్రా?"

ముప్పై రెండేళ్లు ఆ గోడల్లో ఒక గోడ వెనక పనిచేశాను. ఏ గోడో చెప్పను, అలవాటు. నా పనిలో లీకు అన్న మాట రోజుకి నలభైసార్లు వచ్చేదని మాత్రం చెప్పగలను. నా నుంచి మటుకు ఇంట్లో ఒక్క మాట లీకు కాలేదు. గేటు దగ్గర అన్నీ ఇచ్చేసి లోపలికి పోవాలి. ఇంటినుంచి నాతో లోపలిదాకా వచ్చింది టిఫిన్ డబ్బా ఒక్కటే. సాయంత్రం ఆ డబ్బా మూత తీసి ఆమె నా రోజు చదువుకునేది. అన్నం అట్లాగే ఉంటే ఏదో ఫెయిలైందని. ఖాళీగా ఉంటే సరే. టీవీలో ఎప్పుడైనా నిప్పు చిమ్ముకుంటూ ఒకటి లేస్తే, "మీదేనా?" అనేది. నేను చారు పోసుకునేవాణ్ణి. కొన్నేళ్లకి అడగడం మానేసింది. ఆమె మానేసిన రోజు నాకు హాయిగా అనిపించినట్టు గుర్తు.

ఇన్నేళ్లలో నేను చేతులతో పనిచేస్తుండగా ఆమె చూడటం ఇదే మొదలు. అందులో ఆమెకి కనబడుతున్నదేమో ఇది.

టాపు మీదినుంచే "లేదు, అక్కడ బాగానే చేశాం" అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినపడింది. "అవ్ లే" అంది ఆమె. టార్చి కొంచెం ఎడమకి జరిపి, "గిది చూసిన్రా, గీడ బోల్టు కింద రబ్బరు లేదు" అంది.

చూశాను. లేదు. ఎనిమిదింట్లో ఏడింటికి వాషర్లు వేసి, ఒకటి మరిచిపోయాను. కమిటీకి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున ఏదో కొట్టుకి పోయి రబ్బరు వాషరు తేవాలి. ఐదు రూపాయలుంటుందేమో. దాంతో ఆగుతుందో, నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయో చూడాలి.

మళ్లీ మబ్బు పట్టింది. దిండు తీసేసి ఆమె స్టీలు గిన్నె పెట్టింది. నిన్నటి నీళ్లు అందులో అట్లాగే ఉన్నట్టున్నాయి, పారబోసి వస్తాను.