అనుమానాల శాఖ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన ప్రతిసారీ రెండు ప్రమాణస్వీకారాలు జరుగుతాయి. గెలిచినాయన వేదిక మీద గవర్నర్ ఎదుట చేస్తారు. ఓడినాయన ఇంట్లో కూర్చునే ఈవీఎం అనుమానాల శాఖ బాధ్యతలు చేపడతారు. రెండోదానికి షామియానా అక్కర్లేదు, ఒక ట్వీట్ చాలు. 2024 జూన్ 12న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. జూన్ 18న జగన్, ముందంజలో ఉన్న ప్రజాస్వామ్య దేశాలు దాదాపు అన్నీ కాగితం బ్యాలెట్లే వాడుతున్నాయి, మనమూ అటే వెళ్లాలని ఎక్స్‌లో రాశారు. మధ్యలో ఆరు రోజులు. ఫైళ్లు చేతికందడానికి ఆ మాత్రం పడుతుంది లెండి.

ఆ ఫైళ్లు అంతకుముందు ఎవరి బీరువాలో ఉన్నాయో అందరికీ తెలుసు. 2019 ఏప్రిల్ 11న పోలింగ్ అయిన రెండు రోజులకే చంద్రబాబు ఢిల్లీలో ఎన్నికల సంఘం గడప తొక్కారు. మే 23న లెక్కిస్తే 175లో వైఎస్సార్‌సీపీకి 151, తెలుగుదేశానికి 23. అప్పుడు యంత్రం తరఫున వకాల్తా పుచ్చుకున్నది జగన్. అయిదేళ్లు తిరిగాయి. అదే నీలి మీట, అదే ఎర్ర దీపం, అదే కూత. కూటమికి 164, వైఎస్సార్‌సీపీకి 11. వకాల్తా పసుపు కండువా కప్పుకుంది.

మనవాళ్లే ఇంతని నొచ్చుకోనక్కర్లేదు. ఈ యవ్వారం యంత్రంతో పాటే పుట్టింది. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌ల్లో తొలిసారి యంత్రాలు పెట్టారు. వద్దు మొర్రో అని సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై ముందే కోర్టుకెళ్లారు, అక్కడ కుదర్లేదు. తీరా 123 ఓట్లతో ఆయనే గెలిచారు. వెంటనే ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఏసీ జోస్‌కు యంత్రంలో లోపాలు కనిపించాయి. చట్టంలో యంత్రం ఊసే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ బూత్‌ల్లో కాగితం మీద మళ్లీ పోలింగ్ జరిపించింది. జోస్ గెలిచారు. ఇక 2009లో కేంద్రంలో ఓడిన బీజేపీ సంగతి. ఆనక ఆ పార్టీ ఎంపీ అయిన జీవీఎల్ నరసింహారావు 2010లో ఈవీఎంల మీద ఏకంగా పుస్తకం రాశారు, ముందుమాట అద్వానీది. 2014 తర్వాత ఆ పుస్తకం వాళ్ల సభల్లో ఎవరి చేతిలోనూ కనబడలేదు.

తెలంగాణ వాళ్లది వేరే బాణీ. వాళ్లు ఉపన్యాసం మానేసి ఎక్కాలు చదివారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 పేర్లు, నాలుగు యూనిట్లకు 64. అప్పటి యంత్రం అంతకు మించి మోయలేదు. 2010 జులై ఉప ఎన్నికల్లో నామినేషన్లు కుప్పలుగా పడి, కొన్నిచోట్ల అభ్యర్థులు 64 దాటిపోయారు. యంత్రం చేతులెత్తేసింది, కాగితం దిగింది. కాగితం ఉన్న చోటా టీఆర్‌ఎస్సే, మీట ఉన్న చోటా టీఆర్‌ఎస్సే. 12 సీట్లలో 11 పట్టుకుపోయింది. అనవసరంగా అంతమంది చేత డిపాజిట్లు కట్టించామే అని ఎవరైనా బాధపడ్డారో లేదో.

ఆ ఎక్కం 2019కి పనికిరాకుండా పోయింది. నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం మూకుమ్మడిగా పోటీకి దిగితే అభ్యర్థులు 185 మంది తేలారు. బ్యాలెట్ పేపర్ తప్పదనుకున్నారంతా. ఎన్నికల సంఘం కొత్త రకం యంత్రాలు తెప్పించి, బూత్‌కు పన్నెండు యూనిట్లు వరసపెట్టింది. ఓటరు గుర్తు వెతుక్కుంటూ ఆ వరస పొడవునా నడిచాడు. రైతుల గోడు వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది గానీ, వాళ్ల పేర్లు పట్టే పెట్టెలు మాత్రం వేళకు వచ్చాయి.

కాగితమైతే గొడవే ఉండదంటారా? 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. స్వస్తిక్ ముద్ర వేయాల్సిన చోట కొందరు ఓటర్ల చేతికి ఇంకో రబ్బరు స్టాంపు ఇచ్చారు. అవీ చెల్లుతాయని లెక్కింపు ముందు రాత్రి సర్క్యులర్ వచ్చింది. తెల్లారేసరికి హైకోర్టు దాన్ని ఆపింది. నేరేడ్‌మెట్‌లో మెజారిటీ కన్నా ఆ ఇంకో స్టాంపు ఓట్లే ఎక్కువ తేలడంతో ఫలితం రోజుల తరబడి ఆగింది. పదిరూపాయల స్టాంపును హ్యాక్ చేశారని మాత్రం ఎవరూ అనలేదు.

హ్యాకింగ్ అంటే గుర్తొచ్చింది. 2017 జూన్‌లో, దమ్ముంటే వచ్చి చేసి చూపండి, అయితే లోపలి బోర్డు మాత్రం ముట్టుకోవద్దు అని ఎన్నికల సంఘం పిలిస్తే రెండు పార్టీలే వెళ్లాయి. అవీ చూసొచ్చాయి. ఆంధ్రలో ఇంత తంటా పడరు. 2019లో గుత్తిలో జనసేన అభ్యర్థి, 2024లో మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో అప్పటి వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యే యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టడం వీడియోల్లో చూశాం. పార్టీలు వేరైనా టెక్నాలజీ ఒకటే.

ఈ సందట్లో అసలు అడగాల్సింది ఎవరూ అడగరు. మీట నొక్కాక అద్దం వెనక స్లిప్పు ఏడు సెకన్లు కనబడి డబ్బాలో పడుతుంది. వాటిలో ఎన్ని లెక్కించాలి? సగం బూత్‌లవి లెక్కించాలని 2019లో 21 పార్టీల తరఫున చంద్రబాబే ముందుండి సుప్రీంకోర్టుకెళ్లారు. కోర్టు అసెంబ్లీ స్థానానికి ఒక బూత్ అన్నదాన్ని అయిదు చేసింది. 2024 నుంచి కేంద్ర సర్కారుకు ఆయన ఎంపీల దన్నూ ఉంది. సగం మాట దేవుడెరుగు, ఆరో బూత్ సంగతి కూడా ఆయన నోట విన్నట్టు లేదు. మరి 22 మంది ఎంపీలున్న రోజుల్లో జగన్‌కూ ముందంజలో ఉన్న ఆ దేశాలు గుర్తు రాలేదు. 2024లో ఒంగోలులో ఓడిన అభ్యర్థి రుసుము కట్టి యంత్రాలను తనిఖీ చేయమంటే, అధికారులు మాక్ పోలింగ్ పెట్టి చూపిస్తామన్నారు. పెళ్లి విందులో సాంబారు తేడా కొట్టిందంటే, ఇవాళ కొత్తగా కాచి రుచి చూపిస్తామన్నట్టు.

2024 నవంబర్‌లో ప్రజాశాంతి పార్టీ అధినేత కేఏ పాల్ బ్యాలెట్ పేపర్ కావాలని సుప్రీంకోర్టుకెళ్లారు. ఓడితే యంత్రం తప్పు, గెలిస్తే నోరెత్తరంటూ ధర్మాసనం చంద్రబాబు, జగన్‌ల పేర్లు కలిపే ప్రస్తావించి పిటిషన్ కొట్టేసింది. న్యాయం చెప్పాలంటే ఈ విషయంలో మాట మార్చనిది పాల్ గారొక్కరే. మార్చుకునే అవసరం ఓటర్లు ఆయనకు ఇంతవరకూ రానివ్వలేదు.