ఏడాదిలో మనసు డాక్టర్!

బీటెక్ అయింది, సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లు నలిగారు, మేనేజర్ పుణ్యమా అని మనిషి మనసు మీద ఆసక్తి పుట్టింది. ఇంకేం, బ్రిటన్‌లో సైకాలజీ కన్వర్షన్ మాస్టర్స్! వేరే డిగ్రీ చదివినవాళ్లను ఏడాదిలో సైకాలజీ దారికి మళ్లించే కోర్సు అది. 'చిన్నప్పటి నుంచీ మనసంటే నాకు ప్రాణం' అని దరఖాస్తులో రాసేస్తారు. ఆ చిన్నప్పుడు ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉన్నారన్న సంగతి అక్కడి వర్సిటీకేం తెలుసు!

తీరా వెళ్తే ఫ్రాయిడ్ సోఫా కనిపించదు, స్టాటిస్టిక్స్ కనిపిస్తుంది. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపున్న కోర్సయితే పరిశోధన పద్ధతులు, ప్రాజెక్టు తప్పవు. ఇంతా చేసి చేతికొచ్చేది ఆ సొసైటీ చార్టర్డ్ సభ్యత్వానికి తొలి మెట్టు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆపైన మూడేళ్ల డాక్టరేట్, అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చు భరించే ఆ డాక్టరేట్ సీట్లకు అక్కడివాళ్లే కొట్టుకుంటున్నారు. స్టూడెంట్ వీసావాళ్ల సంగతి అడక్కండి. భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లే వీలూ ఇలాంటి మాస్టర్స్‌కు 2024 జనవరి నుంచి లేదు.

పోనీ ఇంటికొస్తే? భారత రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనిదే ఇక్కడ క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు కుదరదు.

చిత్రమేమంటే, బ్రిటన్‌లో 'క్లినికల్ సైకాలజిస్ట్' హోదాకు చట్టరక్షణ ఉంది, ఒట్టి 'సైకాలజిస్ట్'కు లేదు. ఆ బోర్డు ఎవరైనా తగిలించుకోవచ్చు, ఒక్క పౌండు ఫీజు కట్టకుండానే. ఈ ముక్క మాత్రం ఏ కన్సల్టెన్సీ బ్రోచర్‌లోనూ ఉండదు.