కొనని కరెంటుకు బిల్లు

అమెరికాలోని అలబామా పవర్ కంపెనీది జాలిగుండె. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్లు మబ్బు పట్టిన రోజున ఏమైపోతారోనని దానికి ఒకటే బెంగ. ఆ బెంగ ఖరీదు నెలకు కిలోవాట్‌కు 5.41 డాలర్లు. 5 కిలోవాట్ల పలకలున్న ఇంటికి సుమారు 27 డాలర్లు. ఎండ కాసినా వాన కురిసినా, గ్రిడ్ నుంచి యూనిట్లు లాగినా లాగకపోయినా కట్టి తీరాలి. పాతికేళ్లు ఇలా కట్టుకుంటూ పోతే ఎనిమిది వేల డాలర్లు దాటుతుంది. సూర్యుడు మాత్రం ఇప్పటికీ ఉచితమే, పాపం ఆయనకు బిల్లింగ్ విభాగం లేదు.

పెరట్లో కరివేపాకు చెట్టు వేసుకున్నారని తెలిసి, 'ఎప్పుడైనా ఆకులు రాలిపోతే నా దగ్గరికే కదా వస్తారు' అంటూ కూరగాయల కొట్టువాడు నెలనెలా గుమ్మంలో చెయ్యి చాపితే మనం ఏమంటాం? అలబామాలో ఆ చేతికి 'బ్యాకప్' అని పేరు పెట్టి గౌరవించారు.

2013 నుంచి ఈ రుసుము కిలోవాట్‌కు 5 డాలర్లు ఉండేది. ఇది అన్యాయమని కొందరు ఇంటివాళ్లు కరెంటు రేట్లు చూసే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు మొరపెట్టుకున్నారు. కమిషన్ సావకాశంగా విన్నది. 2020 సెప్టెంబరులో రుసుము న్యాయమేనని తేల్చి, పనిలో పనిగా ఇంకో 41 సెంట్లు పెంచి పంపింది. ఆ కమిషనర్లను ఓట్లేసి గెలిపించింది జనమే. కాబట్టి తప్పు జనానిదే అని సరిపెట్టుకోవాలి కాబోలు.

కంపెనీ వాదన కొట్టిపారేయాల్సినదేం కాదు. స్తంభాలకూ తీగలకూ ఖర్చుంటుంది, సోలార్ వాళ్లు తక్కువ కడితే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది అంటుంది. సరే. కానీ కనెక్షన్ ఉన్న ప్రతి ఇల్లూ నెలనెలా స్థిర చార్జీ కడుతూనే ఉందిగా! పైగా వాడకం తగ్గించుకోవడమే నేరమైతే, ముద్దాయిలు చాలామంది ఉన్నారు. ఇల్లంతా ఎల్ఈడీ బల్బులు వేసుకున్నవాడి మీద దీపాల రుసుము ఏది? కరెంటు పొయ్యి తీసేసి గ్యాస్ పెట్టించుకున్నామె ఎలా తప్పించుకుంది? పిల్లలు చదువులకు వెళ్లిపోయి మొగుడూ పెళ్లాం ఇద్దరే మిగిలిన ఇంటికి ఏకాంత చార్జీ వేయరేం? భార్య పుట్టింటికి వెళ్లిన నెల మీటరు దాదాపు తిరగదు, దానికో విరహ సర్దుబాటు చార్జీ ఉండొద్దూ? (సర్దుబాటు అనే మాట మన డిస్కంలకు కొత్తేమీ కాదు. ఈ పేరా వాళ్ల కంట పడకపోతే మేలు.) వీళ్లందరూ తక్కువే కొంటున్నారు. రుసుము మాత్రం సొంతంగా తయారు చేసుకున్నవాడికే!

ఇక తయారైనదాని సంగతి. అలబామా ఎండాకాలం మధ్యాహ్నం ఏసీలన్నీ హోరెత్తే వేళకు ఆ పలకలు గట్టిగా పనిచేస్తాయి. మిగిలిన కరెంటు పక్కింటికి పోతుంది. దానికి కంపెనీ ఇచ్చేది నామమాత్రపు ధర, పక్కింటి దగ్గర వసూలు చేసేది పూర్తి ధర. మధ్యలో ఆ కరెంటు ప్రయాణించిన దూరం ఒక ప్రహరీ గోడ. అయినా సోలార్ వాళ్లు ఇతరుల సొమ్ము తింటున్నారని గగ్గోలు!

2021లో వివాదం ఫెడరల్ ఇంధన నియంత్రణ కమిషన్ దాకా వెళ్లింది. అది జోక్యం చేసుకోనంది. కానీ దాని అధ్యక్షుడూ మరో సభ్యురాలూ మాత్రం, ఈ రుసుము, సొంతంగా కరెంటు తయారు చేసుకునేవాళ్ల మీద వివక్ష కూడదనే 1978 నాటి చట్టానికి విరుద్ధంగా ఉండొచ్చని విడిగా రాశారు. దొంగను పట్టుకోం గానీ అడుగుజాడలు కనిపిస్తున్నాయి అన్నట్టుంది.

స్పెయిన్ ఇంకా ఘనంగా చేసింది. 2015లో అక్కడి సర్కారు తెచ్చిన నిబంధనలకు జనం పెట్టిన పేరు 'సూర్యుడి పన్ను'. చిన్న యజమానులు మిగులు కరెంటును గ్రిడ్‌కు ఊరికే ఇచ్చెయ్యాలి, తీవ్రమైన ఉల్లంఘనకు జరిమానా ఆరు కోట్ల యూరోల దాకా! ప్రభుత్వం మారాక 2018లో అది రద్దయింది. ఆ తర్వాత స్పెయిన్ కప్పులు పలకలతో నిండుతూ వచ్చాయి.

మన దేశం ఇంకా 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇచ్చి బతిమాలే దశలో ఉంది. అయినా మహారాష్ట్ర డిస్కం గ్రిడ్ సపోర్ట్ చార్జీ కావాలని చెయ్యి చాపనే చాపింది. 2020లో అక్కడి నియంత్రణ కమిషన్, రాష్ట్రంలో కప్పుల మీది సోలార్ 5,000 మెగావాట్లకు చేరాక చూద్దాం పొమ్మంది. అలబామాలోనేమో సోలార్ ఇళ్లను వెతుక్కోవాలి. రుసుముకు మాత్రం పదేళ్లు నిండిపోయాయి.