నారదుడికి వినపడని మిక్సర్ కొనడం ఎలా

నాటకాలు డేరాల్లో, తాటాకు పందిళ్లలో ఆడిన రోజుల్లో ఈ బాధ లేదు. 1885లో మొదలైన సురభి వారి డేరాలో తెర వెనక రంగు పూసుకుంటున్న వేషగాడికి ముందు ఏ పద్యం నడుస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యలో ఉన్నది గుడ్డ. ఆ తర్వాత సిమెంటు కళాక్షేత్రాలు వచ్చాయి. 1961లో హైదరాబాదుకు రవీంద్రభారతి వచ్చింది, పోనుపోను జిల్లాల్లోనూ అలాంటివి లేచాయి. మా ఊళ్లో గ్రీన్ రూము వరండా దాటి, మెట్లు దిగితే వస్తుంది. తలుపేసుకుంటే స్టేజి మీద లంకాదహనం జరిగినా లోపలికి పొగ కూడా రాదు.

అందుకని స్టేజి మీది మాట గ్రీన్ రూములో వినపడే ఏర్పాటు ఒకటి చేస్తారు. పైన ఒక మైకు, వింగులో చిన్న ర్యాకు, అందులో మిక్సర్, ఆంప్లిఫయర్, లోపల గోడకు స్పీకర్లు. ఆ మిక్సర్ కొనే భాగ్యం మీ సమాజానికి కూడా పట్టవచ్చు. మాకు పట్టింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, అక్షరం పొల్లు పోకుండా పాటించండి.

నిజానికి కావాల్సినవి మూడు తీగలు. స్టేజి పైన వేలాడే మైకుది ఒకటి, ప్రాంప్టర్ చేతి మైకుది ఒకటి, హాల్లో మైక్ సెట్టు ఆయన వేసే రికార్డు సంగీతానిది ఒకటి. ఒకటి అదనంగా ఉంచుకున్నా నాలుగు చానళ్లతో సరి. ఈ మాట మాత్రం కొట్లో అనకండి, చులకనైపోతారు. పదహారు చానళ్లది చూపించమనండి. ర్యాకు వెడల్పు 19 అంగుళాలు, ఒక్క అర ఎత్తు అంగుళం ముప్పావు. ఆ అంగుళం ముప్పావులో పదహారు చానళ్ల నాబులు కూరితే ఒక్కోటి శనగగింజంత వస్తుంది. దాని కింద రాసిన అక్షరాలు ఆవగింజలో సగం. నాటకం నడుస్తుండగా వింగులో వెలిగేది ఒకే ఒక్క నీలం బల్బు. అయితేనేం, మా ప్రాంప్టర్ గారికి రెండు జతల కళ్లద్దాలున్నాయి, దగ్గరికొకటి, దూరానికొకటి. మిక్సర్ సరిగ్గా ఆ రెంటికీ మధ్య దూరంలో ఉంటుంది.

పదహారు చానళ్లు మరీ చవగ్గా వస్తున్నాయంటే అది లైన్ మిక్సర్ అయి ఉంటుంది. కళ్లకద్దుకుని తీసుకోండి. కీబోర్డు, సీడీ ప్లేయర్ లాంటివి ఇంచుమించు ఒక వోల్టు ఇస్తాయి, ఇది వాటికోసం పుట్టింది. మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. దాన్ని ముందుగా బాగా పెంచే ప్రీ-ఆంప్ ఉండాలి, పైన వేలాడేది కండెన్సర్ మైకు అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా పంపాలి. రెండూ లేని మిక్సర్‌కు మైకు తగిలిస్తే గ్రీన్ రూములో తపోవనమంత ప్రశాంతంగా ఉంటుంది.

మేము అంత అదృష్టవంతులం కాదు. మా కార్యదర్శి గారు ప్రీ-ఆంపూ, ఫాంటమూ, వాటితోపాటు బ్లూటూతూ ఉన్నది తెచ్చారు. "రేపు దేనికైనా పనికొస్తుందండీ" అన్నారు. ఆ రేపు శ్రీకృష్ణ తులాభారం రోజున వచ్చింది. మొదటి రంగం నడుస్తుండగా గ్రీన్ రూము స్పీకర్లోంచి ఓ ఆడగొంతు, "ఏమండీ, చికెన్ కిలో తెమ్మంటారా, రెండు తెమ్మంటారా? మా అన్నయ్య వాళ్లు కూడా వస్తున్నారు" అంది. మా హార్మోనిస్టు గారి ఫోను దానంతటదే మిక్సర్‌తో చేయి కలిపింది. నారదుడు మా రిటైరైన లెక్కల మాస్టారు, శాకాహారి. ఆయన లేచి గోడమీది వాల్యూమ్ నాబు సున్నాకు తిప్పేసి, చిడతలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

ఇక్కడే ముఖ్యమైన సలహా. కొనేటప్పుడు "ప్రయారిటీ ఉందా?" అని అడగొద్దు. ప్రయారిటీ అంటే, ప్రాంప్టర్ మీట నొక్కి పిలవగానే మిగతా శబ్దమంతా తగ్గిపోయి ఆ పిలుపొక్కటే వెళ్లడం. గదిలో నాబు సున్నాలో ఉన్నా పిలుపు పూర్తి గొంతుతో పలికే వాల్యూమ్ కంట్రోళ్లు కూడా దొరుకుతాయి. లోపల చిన్న రిలే ఉంటుంది, 24 వోల్టులు అందగానే నాబును పక్కకు తప్పించేస్తుంది. ఆ 24 వోల్టులను సమయానికి పంపే దారి వింగులో ర్యాకు దగ్గర ఉండాలి. ఇవన్నీ ఉంటే నారదుడు వేళకు వచ్చేస్తాడు, నాటకం రాసినట్టే నడిచిపోతుంది. అందులో పస ఏముంది?

మా ప్రాంప్టర్ మీట నొక్కి మూడుసార్లు పిలిచాడు. స్టేజి మీద సత్యభామ నారదుడి కోసం చూసి చూసి, పాడిన పద్యమే మళ్లీ ఎత్తుకుంది. జనం వన్స్ మోర్ అన్నారు. హార్మోనిస్టు గారు, పాపం, చేసిన తప్పు తెలియక, ఉత్సాహంగా రాగం పెంచారు. ఆవిడ మూడోసారి పాడుతుండగా టీ కుర్రాడు మెట్లు దిగి పరిగెత్తాడు. "మాస్టారూ, లేవండి! సత్యభామ గారికి గొంతు పోతోంది!" ఆ ఏడు పరిషత్తులో ఉత్తమ నటి బహుమతి ఆవిడకే వచ్చింది. ఆ మాట ఎత్తితే మాస్టారు ఇప్పటికీ చిడతలు వెతుక్కుంటారు.

గ్రీన్ రూము కోసం పైన విడిగా మైకు పెట్టడం దండగ అనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల మాట వినండి. హాల్లో మైక్ సెట్టు ఆయన మిక్సర్ నుంచే ఒక తీగ లాక్కోండి. ఆయన తెర పడగానే మైకులన్నీ మూసేసి బీడీకి వెళతాడు. అప్పటినుంచీ గ్రీన్ రూముకు నాటకం అయిపోయినట్టే. వేషాలు విప్పేసుకోవచ్చు. ఆ తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టకండి. హాలు కరెంటు ఒక చోటినుంచి, వింగు కరెంటు ఇంకో చోటినుంచి వస్తుంటే, ఎర్తుల తేడా వల్ల 50 హెర్ట్జుల హోరు పుడుతుంది. శ్రుతిపెట్టె అద్దె మిగులుతుంది.

మైకు తీగను డిమ్మర్ల తీగల పక్కనే, కవలపిల్లల్లా, పొడుగునా కట్టండి. లైట్లు నిండుగా ఉన్నప్పుడు పెద్దగా తెలియదు. సగానికి దించినప్పుడు తెలుస్తుంది. సూర్యాస్తమయం అయినప్పుడల్లా గ్రీన్ రూములో తుమ్మెదలు దిగుతాయి.

కరెంటు సరఫరా లోపలే ఇమిడి ఉన్న మిక్సర్ కాకుండా, బయట అడాప్టర్ తగిలించుకునేది ఎంచుకోండి. వింగులో ఉండే ఒకే ఒక్క ప్లగ్గు దగ్గర కృష్ణుడి పట్టుపంచె ఇస్త్రీ చేసే మనిషి నిలబడి ఉంటాడు. ఆయన అడాప్టర్ పీకి ఇస్త్రీపెట్టె పెడతాడు. అడిగితే, "మళ్లీ పెట్టేస్తానండి బాబూ" అంటాడు. పెట్టడు.

సాకెట్లన్నీ వెనకవైపు ఉండే మిక్సర్ అయితే మరీ మంచిది, ర్యాకును గోడకు ఆనించి బిగించాక ఎవడూ వేలు పెట్టలేడు. మీరు కూడా. ముందు నాబుల మీద రేకు మూత వేసి స్క్రూలు బిగించే పద్ధతి కూడా ఉందట, ఒకసారి సరిచేసి వదిలేస్తే ఎవరూ కదపకుండా. మా కార్యదర్శి గారు ససేమిరా అన్నారు. అంత డబ్బు పోసి కొన్నది కనపడొద్దా అన్నారు.

ఇప్పుడది ఆయనగారి వీధి వినాయక చవితి పందిట్లో ఉంది. పదహారు దీపాలూ వెలుగుతున్నాయి. గ్రీన్ రూము పిలుపుల పని టీ కుర్రాడికే అప్పగించాం, నాటకానికి రెండొందలూ, రెండు టీలూ.