బొంగురు విద్య

మన దేశంలో ఒకప్పుడు రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. గిటారుకి అక్కర్లేదు. ప్రభుత్వం ఈ రెంటినీ తారుమారు చేసిందని మా నాన్నగారి నిశ్చితాభిప్రాయం. ఆ లైసెన్సులు 1980ల్లోనే ఎత్తేశారు. అయినా మా తాతగారి పేరున్న లైసెన్సు పుస్తకం బీరువాలో పొలం దస్తావేజుల మధ్య ఇప్పటికీ భద్రంగా ఉంది. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించాలి కదా!

రేడియో మాత్రం అటక మీద ఉండేది. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైన 1963లోనే తాతగారు దాన్ని కొన్నారు. చెక్క పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, స్టేషను సరిగ్గా కుదిరితే ముడుచుకునే పచ్చ కన్ను. విజయవాడ నుంచి ఉషశ్రీ గారి భారతం వచ్చే వేళకి మా అరుగు మీద చోటు దొరికేది కాదట. తర్వాత్తర్వాత దాని మీదకి కుట్టుపని చేసిన గుడ్డ వచ్చింది, గుడ్డ మీదకి ప్లాస్టిక్ పూలు వచ్చాయి, పూలు తీసేసి టీవీ పెట్టారు. ఆ పైన అటకెక్కింది.

దాన్ని కిందికి దించినవాడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు. వెనక అట్ట ఊడదీసి టార్చి వేసి చూసి, లంకెబిందెలు దొరికినట్టు కేకేశాడు.

"మావయ్యా! ఇందులో ఈఎల్‌84 ఉంది!"

ఇంగ్లండులో బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్లో ఆ వాల్వులే నాలుగుంటాయట. ఆ సరుకు ఇప్పుడు కొనాలంటే లక్ష దాటుతుందట.

"మనదాంట్లో ఎన్నున్నాయిరా?" అన్నారు నాన్నగారు పడక్కుర్చీలోంచి.

"ఒకటే తాతయ్యా."

"నలుగురిలో ఒకడన్నమాట. పాడేవాడా, డప్పులవాడా?"

మావాడు తన గిటారుని ఆ రేడియోకి తగిలించుకుంటానంటే మొత్తానికి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. ఆకాశవాణి ఆగకూడదు. ఆగితే గిటారు తీగలు దండేనికి పనికొస్తాయని చెప్పారు.

తుని నుంచి ఒక పాత మెకానిక్‌ని పిలిపించాం. ట్రాన్సిస్టర్లు రాకముందు పని నేర్చిన మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "వాల్వు మీద మొదటి అక్షరం ఏటండి?" అని అడిగాడు. జాతకం చూసే ముందు నక్షత్రం అడగరూ, ఆ ధోరణి.

"ఈ అండి" అన్నాడు మావాడు.

"అయితే బతికిపోయారండి."

'ఈ' అక్షరం వాల్వుకి ఫిలమెంటు 6.3 వోల్టులు. కరెంటుని దింపడానికి లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా ఉంటుంది. యూ అక్షరం వాల్వులైతే అన్నిటినీ వరసగా 100 మిల్లీఆంపుల మీద కడతారు. ఏసీకీ డీసీకీ రెంటికీ పనిచెయ్యాలని ఆ సెట్లలో ట్రాన్స్‌ఫార్మరే పెట్టేవాళ్లు కాదు. దాంతో చాసిస్ నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. పాట విన్నంతకాలం చెక్క పెట్టె, ప్లాస్టిక్ మరలు మనిషిని కాపాడేవి. గిటారు తగిలిస్తే ఆ కరెంటు తీగల్లోంచి వాయించేవాడి వేళ్ల దాకా వచ్చేస్తుంది.

"ఒక్క అక్షరం తేడా అండి. ఆయ్. ఒకటి కచేరీ, ఇంకోటి కర్మకాండ."

అయినా మాట మీద నమ్మకుండా ట్రాన్స్‌ఫార్మర్‌ని తడిమి చూశాడు. మీటరు పెట్టి చూశాడు. రెండు పిన్నుల ప్లగ్గు కోసేసి మూడు పిన్నులది బిగించి, చాసిస్‌ని ఎర్తుకి కలిపాడు. లోపల బల్లిగుడ్లు, బొద్దింక రెక్కలు, మైనం కారిపోయిన కాగితం కండెన్సర్లు ఉన్నాయి. కండెన్సర్లన్నీ మార్చాడు. అవి లీకైతే ఈఎల్‌84 గ్రిడ్డుకి రాకూడని వోల్టేజీ వచ్చి వాల్వు మాడిపోతుందట. లోపల 250 వోల్టులకి పైగా ఉంటాయి. స్విచ్చి ఆపినా పెద్ద కండెన్సర్లలో నిలవుంటాయి. అందుకే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కుడిచేత్తోనే పనిచెయ్యాలని ఆ విద్యలో మొదటి పాఠం. లుంగీకి జేబుండదు గనక ఆయన నడుం వెనక పెట్టుకున్నాడు.

మధ్యలో మా ఆవిడ కొండ మీద ప్రసాదం విస్తరాకు పొట్లం విప్పి పెట్టింది. అన్నవరం వచ్చి సత్యదేవుడి ప్రసాదం వద్దనేవాడు ఇంకా పుట్టలేదు. ఆ గోధుమనూక ప్రసాదానికి ఎంత నెయ్యి పడుతుందో తిన్నవాళ్లకి తెలుసు. ఆయన వేళ్లు సబ్బుతో కడిగి, తువ్వాలుతో తుడిచి, వాసన చూసుకుని మరీ వాల్వులు ముట్టుకున్నాడు.

నేరుగా మెయిన్స్ ఇవ్వకుండా 100 వాట్ల బల్బుని సిరీస్‌లో పెట్టాడు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సెట్టు క్షేమం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. మసకబారింది. ఫిలమెంట్లు ఎర్రబడ్డాయి. స్పీకరులోంచి గుయ్యిమని నాదం బయల్దేరింది.

"ఆహా, శ్రుతి!" అన్నారు నాన్నగారు.

"హమ్మింగ్ తాతయ్యా."

మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. రెక్టిఫయర్ దాన్ని 100 చేస్తుంది. ఫిల్టరు కండెన్సరు ఎండిపోతే ఆ 100 స్పీకరులో వినబడుతుంది. గిటారు ఆరో తీగ మీద మూడో మెట్టు 98. దాదాపు అదే. కరెంటాఫీసు వాళ్లు ఉచితంగా తంబూరా వేస్తున్నారని, ఉండనియ్యమని నాన్నగారు ఎంత చెప్పినా వినకుండా మెకానిక్ ఆ కండెన్సరు కూడా మార్చేశాడు. నాదం ఆగింది. ఆయన పడక్కుర్చీ అటు తిప్పుకున్నారు.

వెనక గ్రామఫోను పికప్ కోసం రెండు కన్నాలుంటాయి. గిటారు అక్కడే గుచ్చాలి. గుచ్చితే దోమ పాడినట్టు వచ్చింది. గ్రామఫోను సూదికున్న సత్తువ గిటారు పికప్‌కి లేదు. లోపలి వాల్వుని దీనికి మళ్లిద్దామంటే ఆకాశవాణి షరతు అడ్డం. చివరికి 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎఫ్ఈటీ ట్రాన్సిస్టరు ఉన్న చిన్న డబ్బీ చేసి మధ్యలో పెట్టాడు.

అప్పుడు మావాడు మర సగం దాటించి తీగ మీటాడు. ఇల్లు గర్జించింది. మెకానిక్ మొహం పాలిపోయింది.

"బొంగురుపోతోందండీ. క్షమించాలి. సాయంత్రానికల్లా తీసేత్తాను."

"అయ్యో, తియ్యకండి! అదే కావాలి!"

ఒక్క ఈఎల్‌84 ఇచ్చేది నాలుగైదు వాట్లు. అంతకు మించి అడిగితే శబ్దతరంగం తల తెగి చదునవుతుంది. వార్తలకి అది బొంగురు, గిటారుకి అది బంగారం. జీవితమంతా ఇంటింటికీ తిరిగి బొంగురు తీసిన మనిషికి ఈ మాట ఎంతకీ మింగుడు పడలేదు. మావాడు ఇంకో సంగతి చెప్పాడు. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ సరిగ్గా ఈ శబ్దం కోసమే స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడట.

"మేం చిరిగినవాటికి టిష్యూ కాగితం అంటించి బతికామండి" అన్నాడు మెకానిక్ నీరసంగా. కాసేపాగి, "ఇలాటి కుర్రాళ్లు కాకినాడలో ఎంతమంది ఉంటారండి?" అన్నాడు.

"చాలామందే."

"మా కొట్లో బొంగురు తియ్యలేక పక్కన పడేసిన సెట్లు మూడు బస్తాలున్నాయి లెండి."

సాయంత్రం బిల్లు రాసిచ్చాడు. హమ్మింగ్ తీసినందుకు 300. బొంగురు ఉంచినందుకు 500.