గులాబీకి బినామీ

మీ ఇంట్లో గులాబీ వాసనేసే సబ్బు ఉందా? పోనీ, అగరొత్తులు? వాటిలో గులాబీ ఉందని ఇంకా నమ్ముతున్నారంటే మీరు ధన్యులు. అసలు గులాబీ నూనె కిలో తీయాలంటే దాదాపు 4 టన్నుల రేకులు కావాలి. అంత ఆస్తిని తెచ్చి సబ్బులో ఎవడు పోస్తాడండీ! అందుకే అత్తరు వ్యాపారులు ఏనాడో గులాబీ పేరిట ఒక బినామీని పెట్టుకున్నారు. దాని పేరు జెరేనియం.

బినామీగారి పుట్టిల్లు దక్షిణాఫ్రికా. పేరు తెచ్చుకున్నది ఫ్రెంచివాళ్ల రీయూనియన్ దీవిలో. మన వైపు ఏర్కాడు, నీలగిరి కొండల మీద కాపురం పెట్టింది. విడ్డూరమేమిటంటే దీని సువాసనంతా ఆకులోనే, పువ్వును ఎవరూ పట్టించుకోరు. నూగుతో మెత్తగా, అంచులు చీలికలు చీలికలుగా ఉండే ఆకు. వేళ్ల మధ్య నలిపితే ముందు పుదీనాలా ఘాటుగా తగిలి, ఆ వెనకాల తీరిగ్గా గులాబీ వస్తుంది. కొమ్మలతో సహా కోసి, డ్రమ్ములో కూరి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్ల మీద పసుపూ పచ్చా కలిసిన నూనె తేలుతుంది. టన్ను ఆకుకు కిలో నూనె దిగితే రైతు మీసం మెలేయొచ్చు. హైదరాబాదులో బోడుప్పల్ దగ్గరున్న సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రానికి వెళ్తే ఇలాంటి సుగంధ పంటల గురించి చెబుతారు.

ఇక ప్రయోజనాలు. మా వదిన కొన్న 10 మిల్లీలీటర్ల సీసాతోపాటు వచ్చిన కాగితం ప్రకారం ఈ నూనె ముడతలు పోగొడుతుంది, జుట్టు పెంచుతుంది, దోమల్ని తరుముతుంది, మనశ్శాంతినిస్తుంది. అప్పు తీరుస్తుందని మాత్రం రాయలేదు. మా అన్నయ్య ఆ కాగితంలో రెండో ముక్క దగ్గరే ఆగిపోయి, చుక్కలు చుక్కలుగా బట్టతల మీద వేసుకుని రుద్దేశాడు. వెంట్రుక మొలవలేదు గానీ నెత్తి దానిమ్మగింజలా ఎర్రబడింది.

“కింద రాశారు కదండీ, కొబ్బరినూనెలో కలపాలని!” అంది వదిన.

నిజమే. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు ఐదారు చుక్కలు చాలు. అదీ ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒకరోజు ఆగి చూసుకున్నాకే. లోపలికి తాగే పని మాత్రం పెట్టుకోకూడదు.

దోమల సంగతి పూర్తిగా బూటకం కాదు. ఈ నూనెలో ఉండే జెరానియోల్ వాటికి గిట్టదు. కాకపోతే వాసన ఉన్నంతసేపే ఆ మర్యాద. అది ఆరగానే మళ్లీ బంధుమిత్ర సపరివారంగా దిగుతాయి. ముడతల మీద నాకు నమ్మకం లేదు. మనశ్శాంతి అంటారా, సాయంత్రం దీపం వేళకి గదిలో రెండు చుక్కలు ఆవిరి పట్టిస్తే వదిన టీవీ శబ్దం తగ్గించడం కళ్లారా చూశాను. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఊరుకోలేక ఓ రోజు అన్నాను. “వదినా, గులాబీ నూనెలో దీన్ని కల్తీ చేస్తారట. దీన్నేమో ఫ్యాక్టరీలో చేసిన సరుకుతో కల్తీ చేస్తారట. నీ సీసాలో ఉన్నది ఎవరి బినామీయో!”

వదిన మూత తీసి ఓసారి వాసన చూసి, బిగించింది.

“మీ అన్నయ్య రోజూ తెచ్చే పాలకన్నా నయమేలే” అంది.